ధారణ: అవధాన విద్యలో జ్ఞాపకం పనిచేసే తీరు

ధారణ అంటే నిలుపుకోవడం. యోగశాస్త్రంలో ఇది అష్టాంగాలలో ఆరవది. మనసును ఒకచోట కుదురుగా ఉంచడం అక్కడి అర్థం. తెలుగు అవధాన విద్యలో ఈ మాట వేరే పనికి పేరు. సభలో ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నిటినీ చివర కాగితం చూడకుండా వరుసగా అప్పజెప్పడమే ధారణ. ఈ వ్యాసం రెండో అర్థానికే పరిమితం. మెదడు జ్ఞాపకాన్ని ఎలా కూర్చుకుంటుందో ప్రయోగశాలల్లో కనిపెట్టిన సంగతులకు, సభలో అవధాని చేసే పనికి ఉన్న పోలికే ఇందులో ముఖ్య విషయం.

అవధానం ఎప్పుడు పుట్టిందన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. రామరాజభూషణుడు, చరిగొండ ధర్మన్న వంటి పూర్వకవులకు ఉన్న ‘శతలేఖినీ పద్యసంధాన’ ప్రశస్తిని బట్టి 16వ శతాబ్దం నాటికే దీని రూపం ఉండేదని కొందరంటారు. నూరుమంది లేఖకులకు నూరు పద్యాలు చెప్పడం, ప్రశ్నలడిగే పృచ్ఛకులు అడ్డుపడుతుండగా చెప్పడం ఒకటి కావు కనుక, దాన్ని పూర్వరూపంగా మాత్రమే లెక్కించడం సబబు. నేటి సభారూపానికి దగ్గరగా ఉన్నది 19వ శతాబ్దంలో మాడభూషి వేంకటాచార్యుల నాటిది. దాన్ని ఊరూరా తిప్పి జనం విద్యగా మార్చింది తిరుపతి వేంకటకవులు: దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950). చెళ్లపిళ్ల ‘కథలు–గాథలు’ ఆ రోజులకు విలువైన సాక్ష్యం. అయితే అందులో చాలా భాగం ఏళ్ల తరువాత గుర్తు చేసుకుని రాసింది కాబట్టి తేదీలను వేరే ఆధారాలతో సరిచూసుకోవాలి. కొప్పరపు సోదరకవులతో వారి స్పర్ధ గురించిన కథనాలూ ఎవరి పక్షం వారివే. అవధానుల పరంపర ఇప్పటికీ తెగలేదు. ఆశావాది ప్రకాశరావుకు 2021లో, గరికిపాటి నరసింహారావుకు 2022లో పద్మశ్రీ లభించింది.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, ఆశువు, పురాణపఠనం, అప్రస్తుత ప్రసంగం, ఘంటాగణనం అన్నది తరచుగా కనిపించే కూర్పు. సభను బట్టి కొన్ని అంశాలు మారుతుంటాయి. పద్యం చెప్పాల్సిన ముఖ్యాంశాల్లో అవధాని ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెప్పి ముందుకు సాగుతాడు. ఒక ఆవృత్తి ముగిశాక మళ్లీ మొదటివారి దగ్గరికి వచ్చి రెండో పాదం అందుకుంటాడు. నాలుగు ఆవృత్తులకు పద్యాలు పూర్తవుతాయి. ఈలోగా అప్రస్తుత ప్రసంగి ఎక్కడ పడితే అక్కడ అడ్డు తగులుతాడు. ఎక్కడో గంట మోగుతుంది, దాని లెక్కా తప్పకూడదు.

చూసేవారికి ఎనిమిది పనులు ఒకేసారి జరుగుతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి అలా జరగదు.

మనసు ఒక్క క్షణంలో పట్టి ఉంచగలిగేది చాలా తక్కువ. 1956లో జార్జ్ మిల్లర్ ఆ సంఖ్యను ఏడుగా, ఒకటి రెండు అటూ ఇటూగా చెప్పాడు. 2001లో నెల్సన్ కోవన్, లోలోపల వల్లె వేసుకునే అవకాశం తీసేసి చూస్తే అది సుమారు నాలుగేనని వాదించాడు. పాఠ్యపుస్తకాల్లో ఇంకా ఏడే ఎక్కువగా కనిపించినా, తరువాతి పరిశోధనలు కోవన్ లెక్క వైపే మొగ్గుతున్నాయి. మిల్లర్ వ్యాసంలో కాలానికి నిలిచిన అసలు సంగతి ఆ అంకె కాదు. గుర్తుండేది అక్షరాల లెక్కన కాదు, ముద్దల లెక్కన అన్నది. విడి అక్షరాలు నాలుగు పట్టే చోటనే నాలుగు మాటలూ పడతాయి, బాగా తెలిసినవైతే నాలుగు వాక్యాలూ పడతాయి.

అవధానికి ఆ ముద్ద కట్టిపెట్టేది ఛందస్సు. లెక్క చూస్తే తెలుస్తుంది. నాలుగు అంశాలకు నాలుగు వృత్తపద్యాలు చెప్పాడనుకుంటే పదహారు పాదాలు, పాదానికి దాదాపు ఇరవై అక్షరాలు, మొత్తం మూడు వందల పైచిలుకు. విడి అక్షరాలుగా ఇవి ఎవరి బుర్రలోనూ నిలవవు. కాని పద్యంలో ప్రతి అక్షరం పక్కదానికి కాపలా కాస్తుంది. ఈ వ్యాసం కోసమే కూర్చిన ఒక ఉత్పలమాల పాదం చూడండి:

వానలు వేళకుం గురిసి వాగులు పొంగగ రైతులందరున్

ఇందులో ఇరవై అక్షరాలు. భ, ర, న, భ, భ, ర గణాల మీద వ-గణం. మొదటి అక్షరం ‘వా’ కాబట్టి పదో అక్షరం దగ్గర యతి పడాలి, అక్కడ ‘వాగులు’ వచ్చి కూర్చుంది. రెండో అక్షరం ‘న’ కాబట్టి తక్కిన మూడు పాదాల్లోనూ రెండో అక్షరం నకారమే కావాలి. రెండో పాదం ‘పూని’ అనో ‘మానక’ అనో ఎత్తుకోవచ్చు. ‘పంట’ అనో ‘మబ్బు’ అనో ఎత్తుకోవడానికి వీల్లేదు. అరగంట తరువాత ఆ పాదం మొదలు మరిచిపోయినా, వెతకాల్సింది భాషంతా కాదు. గురువుతో మొదలై రెండో అక్షరం నకారమైన మాటల్లో, వాన సంగతికి అతికే నాలుగైదింటిలో వెతికితే చాలు. పద్యం చెప్పేటప్పుడు సంకెళ్లనిపించిన యతిప్రాసలు ధారణ దగ్గరికి వచ్చేసరికి చేతికర్రలవుతాయి.

ఇది ఊహ కాదనడానికి ప్రయోగం కూడా ఉంది. 1989లో డేవిడ్ రూబిన్, వాండా వాలెస్ అర్థాన్ని, ప్రాసను సూచనలుగా ఇచ్చి మాటలు చెప్పించారు. అర్థం సూచన ఒక్కటే ఇస్తే, వారు అనుకున్న మాట వచ్చింది 14 శాతం. ప్రాస ఒక్కటే ఇస్తే 19 శాతం. రెండూ కలిపి ఇస్తే 97 శాతం. మౌఖిక సాహిత్యం తరతరాలు నిలబడడానికి ఇదే కీలకమని రూబిన్ తరువాత ఒక గ్రంథమే రాశాడు. వారి పరీక్ష ఇంగ్లిషు అంత్యప్రాసల మీద జరిగింది. తెలుగు ప్రాస పాదం మొదట్లో ఉంటుంది. పాదం ఎత్తుగడే దొరకాల్సిన ధారణకు తెలుగు పద్ధతి ఇంకా అనుకూలమనిపిస్తుంది.

అవధానిది పుట్టుకతో వచ్చిన అసాధారణ జ్ఞాపకశక్తి అన్న నమ్మకం బలమైనది, గౌరవంతో కూడినది కూడా. దానికి ఎదురుగా నిలిచే ఉదాహరణ ఒకటుంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అండర్స్ ఎరిక్సన్, విలియం చేజ్ ఒక మామూలు విద్యార్థి చేత అంకెలు వల్లె వేయించారు. వారి నివేదికలో అతను ఎస్.ఎఫ్. మొదట్లో అతనికి నిలిచింది ఏడు అంకెలే. 20 నెలల్లో, 230 గంటలకు పైబడిన సాధనతో అది 79కి చేరింది. అతను దూరపు పరుగుల క్రీడాకారుడు. 3492 అని వినగానే ‘మూడు నిమిషాల 49.2 సెకన్లు, ఒక మైలు పరుగు’ అని అతికించుకునేవాడు. అంకెల బదులు అక్షరాలు ఇచ్చేసరికి మళ్లీ ఆరుకే దిగిపోయాడు. అంటే పాత్ర పెద్దదవలేదు, అతనికి బాగా తెలిసిన విషయంలో ముద్దలు కట్టడం చేతనైంది, అంతే. 1980లో అచ్చయిన ఈ ఫలితాన్ని బట్టి చూస్తే, వేల పద్యాలు నోటికి వచ్చిన అవధానికి ఛందస్సు చేసే మేలు ఎస్.ఎఫ్.కు పరుగుపందెం సమయాలు చేసినటువంటిదే.

ఇక ఎనిమిది పనుల సంగతి. ఒక పని నుంచి మరో పనికి మారిన ప్రతిసారీ మెదడుకు కొంత ఆలస్యం, కొన్ని తప్పులు తప్పవని 1927లో ఆర్థర్ జెర్సిల్డ్ చూపాడు. రాబర్ట్ రోజర్స్, స్టీఫెన్ మాన్సెల్ 1995లో ఇంకో సంగతి తేల్చారు. మార్పు ముందే తెలిసి, సిద్ధపడే వ్యవధి ఉంటే ఆ నష్టం తగ్గుతుంది, పూర్తిగా పోదు. పృచ్ఛకుల వరుస ముందే తెలిసి ఉండడం అవధానికి ఆ వెసులుబాటునే ఇస్తుంది. అప్రస్తుత ప్రసంగికి వరుస లేకపోవడం దాన్ని లాగేసుకుంటుంది. సభలో నవ్వులు పూయించే ఆ అంశం అవధానికి గట్టి పరీక్ష కావడానికి కారణం అదే.

సగంలో ఆపిన పని మనసులో మెదులుతూ ఉంటుందని 1927లోనే బ్లూమా జైగార్నిక్ చెప్పింది. అలాంటివే బాగా గుర్తుంటాయన్న ఆమె ఫలితం తరువాతి ప్రయోగాల్లో నిలకడగా రాలేదు. 2009లో సోఫీ లెరాయ్ చూపింది దీనికంటే గట్టిగా నిలుస్తుంది: వదిలిన పని తాలూకు శేషం తరువాతి పనిని పాడుచేస్తుంది, గడువు ఒత్తిడిలో మొదటి పని ముగించినవారికి ఆ శేషం తక్కువ. అవధాని పద్యాన్ని సగంలో వదులుతాడు గాని పాదాన్ని సగంలో వదలడు. నిషిద్ధాక్షరిలో అక్షరం అక్షరానికీ అడ్డుపడుతున్నా, పాదం ఒక ఒడ్డుకు చేరాకే పక్క పృచ్ఛకుడి వైపు తిరుగుతాడు. రోజూ నాలుగు ఫైళ్లు, పది ఫోన్లతో సతమతమయ్యే ఉద్యోగికి కూడా, పని ఎక్కడ ఆపాలన్న ప్రశ్నకు ఈ పాదవిరామం పనికొచ్చే నమూనా.

సాధన విషయానికొస్తే, అవధాన విద్యకు ముందు మెట్టు పాత చదువులోని కంఠస్థం. పిల్లవాడు పుస్తకం మూసి గురువు ముందు నిలబడి అప్పజెప్పేవాడు. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పిక్ 2006లో చేసిన ప్రయోగం ఆ అప్పజెప్పడానికే కొలత పెట్టినట్టుంది. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు వారం తరువాత 40 శాతం చెప్పగలిగారు. ఒకసారి చదివి, చూడకుండా మూడుసార్లు గుర్తు చేసుకున్నవారు 61 శాతం. అయిదు నిమిషాల తరువాత అడిగినప్పుడు మాత్రం మళ్లీ మళ్లీ చదివినవారిదే పైచేయి. చదివిందంతా వచ్చేసిందన్న భ్రమ పరీక్ష ముందురోజు రాత్రి అంత బలంగా ఉండడానికి కారణం ఇక్కడుంది.

వేదపండితుల మెదళ్లపై జేమ్స్ హార్ట్‌జెల్ బృందం 2016లో ప్రకటించిన అధ్యయనాన్ని అవధానానికీ ఆధారంగా చూపడం కద్దు. 21 మంది యజుర్వేద పండితులను, అంతే సంఖ్యలో ఇతరులను పోల్చి చూస్తే, భాషకు, జ్ఞాపకానికి సంబంధించిన ప్రాంతాల్లో పండితులకు బూడిదరంగు పదార్థం ఎక్కువగా కనిపించింది. ఇది ఆసక్తికరమైన ఫలితమే. అయితే ఆ తేడా సాధన వల్ల వచ్చిందా, ముందే ఉన్నవారు ఆ చదువులో నిలిచారా అన్నది ఒక్కసారి తీసిన చిత్రాలతో తేలేది కాదు. పైగా రెండు విద్యల పని వేరు. ఘనపాఠి రెండు పదాలను ముందుకీ వెనక్కీ తిప్పి, మూడో పదం చేర్చి మళ్లీ తిప్పి, తరాలుగా వచ్చిన పాఠంలో స్వరం కూడా జారకుండా కాపాడతాడు. అవధాని గంట క్రితం తానే పుట్టించినదాన్ని తిరిగి చెబుతాడు.

ఈ తేడా చిన్నది కాదు. చదివిన మాట కంటే తాను ఆలోచించి పుట్టించిన మాట బాగా గుర్తుంటుందని 1978లో నార్మన్ స్లమెకా, పీటర్ గ్రాఫ్ చూపారు. సమస్యాపూరణలో చివరి పాదం పృచ్ఛకుడు ఇచ్చినది. తక్కిన మూడూ అవధానివి. ఆ మూడు పాదాలను నెమరు వేసుకోవడానికి అతనికి వ్యవధి దొరకదు. కాని ఒక్కో పాదానికి ఏ మాట తట్టింది, ఏది యతికి కుదరక వదిలేశాడు, దాని బదులు ఏది తెచ్చుకున్నాడు అన్న దారంతా అతను నడిచి వచ్చినదే. ధారణవేళ కళ్లు మూసుకుని పద్యం ఎత్తుకునేటప్పుడు అతను మళ్లీ ఆ దారినే వెళతాడు.