విమానం చుక్క కాదు

రాడార్ చరిత్ర అనగానే 1904లో హుల్స్‌మేయర్ పరికరం, 1935లో డావెంట్రీ దగ్గర వాట్సన్-వాట్ ప్రయోగం, 1943లో నార్త్ చూపిన, రొదలోంచి సంకేతాన్ని ఏరే మ్యాచ్‌డ్ ఫిల్టర్ వరుసగా వస్తాయి. ఆ తర్వాత అందరూ చెప్పేది ఒకటే: బ్యాండ్‌విడ్త్ పెరిగింది, రాడార్ చూపు పదునెక్కింది. నాకు పేచీ ఇక్కడే.

5 మెగాహెర్ట్జ్‌తో దూరంలో 30 మీటర్ల గడి (రాడార్ విడదీసి చూడగల కనీస దూరం) వస్తే, 150 మెగాహెర్ట్జ్‌తో 1 మీటరు గడి వస్తుంది, నిజమే. అయితే మార్కమ్ (1947), స్వెర్లింగ్ (1954) పసిగట్టే అవకాశానికి వేసిన లెక్కలు లక్ష్యాన్ని ఒక్క గడిలో ఇమిడే చుక్కగానే చూశాయి. 15 మీటర్ల విమానం ఆ చిన్న గడుల్లో పదిహేనింటి మీద పరుచుకుంటుంది. తిరిగొచ్చే శక్తి చీలిపోతుంది, రొద మాత్రం ప్రతి గడిలోనూ ఉంటుంది. గడులన్నీ కూడితే ఖాళీ గడుల రొద కూడా కలుస్తుంది. మెరిసే గడులనే ఏరుకుంటే, రొద కూడా అప్పుడప్పుడు అలాగే మెరుస్తుంది. విమానంలో బలంగా ప్రతిఫలించే చోట్లు ఎన్నో ముందే తెలిస్తే తప్ప ఏది మేలో తేలదు.

అలాగని బ్యాండ్‌విడ్త్‌ను దోషిగా నిలబెట్టలేం. పెద్ద గడిలో ముక్కు నుంచి, తోక నుంచి వచ్చే ప్రతిధ్వనులు ఒక్కోసారి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. చిన్న గడుల్లో ఆ బెడద తగ్గుతుంది. అయినా 1970లో క్వాజలీన్‌లో 512 మెగాహెర్ట్జ్‌తో మొదలైన ఆల్కార్ రాడార్‌కు సైతం, లక్ష్యాన్ని ముందుగా పట్టుకోవడానికి వేరే ఇరుకు బ్యాండ్ తరంగం కావలసివచ్చింది! పరుచుకున్న లక్ష్యాన్ని పసిగట్టే కథను గెర్లాక్ బృందం (1997), కాంటే బృందం (2001) వ్యాసాల నుంచి మొదలుపెట్టడం అలవాటైంది. కానీ ఆ ప్రశ్నను వాన్ డెర్ స్పెక్ 1971లోనే సూటిగా వేశాడు.

ఆ తర్వాతి మలుపు గణాంకశాస్త్రానిది. రొద స్వభావమే తెలియనప్పుడు పక్క గడుల నుంచి దాన్ని నేర్చుకునే పద్ధతిని కెల్లీ 1986లో ఇచ్చాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు 1948లో ప్రతిపాదించిన పరీక్షను 2007లో డి మైయో రాడార్‌కు అన్వయించాడు. లక్ష్యం లేదనుకుని వేసే అంచనాలే ఆ పరీక్షకు చాలు.

ఇప్పటి వ్యాసాల్లో సూత్రాలకు కొదవలేదు. కానీ చాలావాటిలో లక్ష్యం పొడవు ముందే తెలుసు, పక్క గడుల్లో లక్ష్యం ఛాయ ఉండదు, రొద అంతటా ఒకేలా ఉంటుంది. నిజమైన సముద్రం మీద చూసే రాడార్‌కు ఈ మూడూ ఒకేసారి దొరకవు. సిమ్యులేషన్‌లో నెగ్గిన డిటెక్టర్‌ను నెగ్గినట్టు నేను లెక్కవేయను.