అనధ్యాయము నుండి ఆదివారము వరకు: సింగరేణి సీమలో విశ్రాంతి ధర్మము

డోర్నకల్లు నుండి భద్రాద్రి దిశగా సాగే రైలుమార్గం కారేపల్లి వద్ద రెండుగా చీలుతుంది. ఒక శాఖ ఇల్లందుకు పోతుంది, మరొకటి కొత్తగూడెం చేరి అక్కడి స్టేషనుకు భద్రాచలం రోడ్ అనే రామనామసంబంధి పేరు ధరిస్తుంది. కారేపల్లి కేంద్రంగా ఉన్న మండలం పేరు సింగరేణి. ఈ చిన్న గ్రామనామమే నేడు గోదావరీ పరీవాహకమంతటా వ్యాపించిన బొగ్గుగనుల సంస్థకు నామధేయమైనది. ఈ సీమలో ఒక జనశ్రుతి ప్రచారంలో ఉన్నది. భద్రాచల యాత్రికులు ఇల్లందు ప్రాంతంలో మజిలీ చేసి, మూడు నల్లరాళ్ళను పొయ్యిగా పేర్చి వంట చేసుకోగా, కట్టెలతోపాటు రాళ్ళు కూడా మండినవట! జనశ్రుతి ఎట్లున్నా, 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఇక్కడ బొగ్గును గుర్తించుట చారిత్రక సత్యం. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు పొందింది. 1889 నుండి ఇల్లందులో బొగ్గు తవ్వకం సాగింది. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు స్థిరపడింది.

అంతవరకు ఈ అరణ్యసీమలో కాలాన్ని నడిపినవి వర్షమూ, వెన్నెలా, పండుగలూ. కోయవారు విత్తనాల పండుగ జరిపిన పిదపనే విత్తుతారు. కొత్తల పండుగ చేసి దైవానికి నివేదించనిదే కొత్త పంటను నోట పెట్టరు. బంజారా తండాలలో సీత్లా పండుగనాడు పశుసంపద క్షేమం కోరి మొక్కులు చెల్లిస్తారు. పని ఎప్పుడు మొదలుపెట్టవలెనో, ఎప్పుడు ఆపవలెనో దేవతలే నిర్ణయించిన జీవనం అది. గనిలో మాత్రం సూర్యుడు లేడు, చంద్రుడు లేడు. అక్కడ అమావాస్యకూ పున్నమికీ భేదమేమున్నది? పనిని నిలిపే ఆజ్ఞ ఎవరిది కావలె?

వారానికొక దినం విశ్రమించుట పాశ్చాత్యుల ఆచారమనీ, మన ధర్మానికి దానితో పని లేదనీ కొందరు పెద్దలు అంటూ ఉంటారు. ఈ మాటలో సగమే సత్యమున్నది. ఏడు దినాల వారం వైదికకాలపు గణన కాదు. గవామయనాది సత్రాలలో షడహమనే ఆరు దినాల విభాగం కనిపిస్తుంది గాని వారం కనిపించదు. గ్రహనామాలతో వారాలను లెక్కించే పద్ధతి సిద్ధాంత జ్యోతిషంతో స్థిరపడింది. మన శాసనాలలో వారనామంతో కూడిన తేదీకి ప్రాచీన నిదర్శనంగా చెప్పబడేది క్రీ.శ. 484 నాటి బుధగుప్తుని ఏరణ్ శాసనం. అది గురువారం. అయితే వారం తరువాత వచ్చినదైనంత మాత్రాన విరామ భావన కూడా తరువాత వచ్చినదని తలచరాదు.

వేదాధ్యయనానికి అనధ్యాయ దినాలున్నవి. అష్టమి, చతుర్దశి, పర్వదినాలు మనుస్మృతి నిషేధించినవి. ప్రతిపత్తు కూడా ఆచారంలో చేరింది. పక్షానికి నాలుగు, అనగా నెలకు ఎనిమిది దినాలు. నేటి కార్యాలయాలలో వారానికి రెండు దినాల సెలవును నవీన సౌఖ్యంగా భావించేవారు ఈ లెక్కను ఒకసారి చూడవలె! అనధ్యాయంనాడు చదివినవాని విద్య వర్ధిల్లకపోగా క్షీణిస్తుందని విశ్వాసం. ఈ విశ్వాసం ఎంత లోకప్రసిద్ధమో సుందరకాండ చెప్పుతుంది. సీతాదేవి ఎంతగా కృశించినదో వర్ణించుటకు హనుమంతుడు ఎంచుకున్న ఉపమానం, ప్రతిపత్తునాడు పఠించేవాని విద్య. శోకమూర్తియైన తల్లిని వర్ణించే ఘట్టంలో పాఠశాల నుండి తెచ్చిన ఈ పోలిక నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. విరామం లేని శ్రమ ఫలాన్ని పెంచదు, తరిగిస్తుందని ఆనాటి శ్రోతలకు వేరే వివరించవలసిన అవసరం లేకపోయింది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనింపదగినది. నిత్య స్వాధ్యాయానికీ, హోమమంత్రాలకూ అనధ్యాయం వర్తించదని మనువే చెప్పినాడు. అనగా ఆగవలసినది శ్రమయే గాని సాధన కాదు. సెలవుదినాన సంధ్యకూ సెలవు ప్రకటించే మనబోటివారు ఈ భాగాన్ని సౌకర్యంగా మరచిపోతాము.

పశువుల విషయంలో ధర్మశాస్త్రం మరింత స్పష్టంగా మాట్లాడింది. ఆకలిగొన్న, దప్పిగొన్న, అలసిన ఎద్దును కాడికి కట్టరాదని పరాశరస్మృతి విధించింది. సగం దినమే దున్ని, తరువాత వానికి స్నానం చేయించవలెనన్నది. ఎనిమిది ఎద్దుల నాగలి ధర్మమనీ, రెండింటితోనే దున్నుట గోహత్యతో సమానమనీ చెప్పినంత కఠినం ఆ గ్రంథం. కన్నడ సీమలో అనేక గ్రామాలలో సోమవారం బసవని దినమని నాగలి కట్టరు. మనకు ఏరువాక పున్నమి ఉన్నది. ఆనాడు ఎద్దులకు స్నానం, అలంకారం, పూజ.

విద్యార్థికి అనధ్యాయమున్నది, ఎద్దుకు అర్ధదినమున్నది. మరి కూలివానికి? ఈ ప్రశ్నకు మన గ్రంథాలలో నేరైన సమాధానం దొరకదని ఒప్పుకొనవలె. పండుగలూ, జాతరలూ, మైలదినాలూ అతనికి కొంత విరామం ఇచ్చినవి. కాని అవి యజమాని ఇష్టాయిష్టాలకు లోబడినవి. యంత్రం రాగానే ఆ పాటి విరామమూ పోయింది.

ఈ లోపాన్ని పూరించినవాడు నారాయణ మేఘాజీ లోఖండే. జోతిరావు పూలే సహచరుడు, దీనబంధు పత్రికా సంపాదకుడు. బొంబాయి మిల్లులలో సూర్యోదయం నుండి సూర్యాస్తమయం వరకు, విరామదినం లేకుండా పని జరిగే రోజులవి. ఆ నగరంలో శ్రమించినవారిలో నిజాం రాజ్యం నుండి వలసపోయిన మన తెలుగువారు, కామాఠీలు, ఎందరో ఉన్నారు. కామాఠీపురా అనే పేటకు ఆ పేరు వారివల్లనే వచ్చింది. 1884లో లోఖండే సుమారు 5,500 మంది కార్మికుల సంతకాలతో వినతిపత్రం సమర్పించినాడు. అందులో మొదటి కోరిక ఆదివారపు విశ్రాంతి. ఆరేళ్ళు గడిచినవి. 1890 ఏప్రిల్ 24న సుమారు పదివేలమంది సభ చేరినారు. జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారపు సెలవుకు అంగీకరించింది. ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలై అప్పటికి ఏడాది మాత్రమే. మరుసటి యేడు, 1891లో, కర్మాగారాల చట్టం వారపు సెలవును శాసనబద్ధం చేసింది.

లోఖండే ఆదివారాన్ని కోరినది చర్చి గంటలు విని కాదు. ఆదివారం ఖండోబా దినమని ఆయన వాదించినట్లు చెప్పుకుంటారు. ఖండోబా మార్తాండ భైరవుడు. సూర్యతేజోమయుడైన శివుడు. మరాఠీ ఖండోబాయే మన మల్లన్న. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుండి ఉగాది వరకు ఆదివారాలలోనే సాగుట తెలంగాణ భక్తులందరికీ తెలిసినదే. పట్నం వేసేదీ, బోనం ఎత్తేదీ ఆనాడే. కనుక ఆదివారం పరాయిదని అనేవారు, మొదట మల్లన్న గుడి మెట్ల మీద నిలిచి ఆ మాట అనవలె. రోమక చక్రవర్తి కాన్స్టంటైన్ క్రీ.శ. 321లో ఆదివారాన్ని విశ్రాంతిదినంగా ప్రకటించినాడు, సత్యమే. అయితే ఆయన సేద్యగాళ్ళను దాని నుండి మినహాయించినాడు. అక్కడా శ్రామికునికి చివరి వంతే.

నిజాం రాజ్యం బ్రిటిషు చట్టాల పరిధిలో లేదు, అక్కడ ప్రభుత్వ సెలవు శుక్రవారం. బ్రిటిషు ఇండియాలో 1923 నాటి గనుల చట్టం వారానికి ఆరు దినాలకు మించి పని చేయించరాదన్నది. స్వతంత్ర భారతంలో 1952 నాటి గనుల చట్టం అదే నియమాన్ని కొనసాగించింది. విశ్రాంతిదినం కోల్పోయినవానికి ఆ నెలలోగాని, తరువాతి రెండు నెలలలోగాని బదులు దినం ఇవ్వవలెనని కూడా విధించింది. గనిలో అలసట కేవలం దేహబాధ కాదు. పైకప్పు రాలే ముందు వినిపించే చిన్న చప్పుడును అలసిన చెవి వినలేదు. ఒకని ఏమరుపాటు పదిమంది ప్రాణాలతో ముడిపడి ఉంటుంది.

అయినా సమస్య చట్టంతో తీరలేదు. సింగరేణి కార్మికుల వాడుకలో ప్లేడే అనే మాటొకటి ఉన్నది. మాటకు అర్థం ఆటదినం. వ్యవహారంలో అది సెలవునాడు పనిలోనికి దిగుట! ఆనాటి మస్టరుకు వేతనం రెట్టింపు. అందువల్ల ఆ పని దొరకుటయే భాగ్యమని తలచేవారున్నారు, అది తగ్గించినప్పుడు ఆందోళన చెందేవారున్నారు. వారిని లోభులని నిందించుట నాకు ఇష్టం లేదు. కూతురి పెండ్లి, కొడుకు చదువు, ఇంటి అప్పు ఎదురుగా నిలిచినప్పుడు రెట్టింపు వేతనాన్ని కాదనుట సులభం కాదు. లోఖండే కాలంలో విశ్రాంతిని యజమాని లాగుకొన్నాడు. ఇప్పుడు అవసరం దానిని కొనుగోలు చేస్తున్నది.

బృహదారణ్యకంలో ఒక దృష్టాంతమున్నది. ఆకాశంలో తిరిగి తిరిగి అలసిన డేగ రెక్కలు ముడిచి గూటికి చేరినట్లు, పురుషుడు ఏ కోరికా, ఏ స్వప్నమూ లేని సుషుప్తికి పరుగెత్తుతాడని. భాష్యకారులు దీనిని ఆత్మవిచారానికి వినియోగించినారు, అదే ప్రధానార్థం. కాని ఋషి ఎంచుకున్నది గూటిలో పుట్టి పెరిగిన పిల్లపక్షిని కాదు, దినమంతా ఆహారం కోసం ఎగిరిన పక్షిని. రాత్రిపాళీ ముగించి, ముఖాన బొగ్గుమసితో కొత్తగూడెంలో ఇంటిదారి పట్టే కార్మికుని చూచినప్పుడల్లా ఆ డేగయే నాకు స్ఫురిస్తుంది. మాఘమాసపు ఆదివారాలలో వారిలో కొందరు ప్లేడేను వదలుకొని, పిల్లలను భుజాన ఎత్తుకొని, కొమురవెల్లి బస్సు ఎక్కుతారు.