గుమ్మడి గుజ్జు వెనక కథ

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో ఎక్కడ చూసినా గుమ్మడి పై. ఇప్పుడైతే డబ్బా తెరిస్తే గుజ్జు రెడీ. మరి డబ్బాలు లేని రోజుల్లో?

1796లో అమీలియా సిమన్స్ రాసిన ‘అమెరికన్ కుకరీ’ చూడండి. ఉడికించి వడకట్టిన గుమ్మడి, మీగడ, 9 గుడ్లు, జాజికాయ, అల్లం. గుజ్జు ఇంట్లోనే చెయ్యాలి.

ఈ న్యూ ఇంగ్లండ్ వంట రాజకీయం కూడా అయింది. సారా జోసెఫా హేల్ ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి, థాంక్స్ గివింగ్‌ని దేశమంతటి పండగ చెయ్యమని అడిగారు. 1863లో, అంతర్యుద్ధం నడుస్తుండగానే లింకన్ ప్రకటించారు. దేశాన్ని కలుపుతుందని ఆమె ఆశ. దక్షిణాదిలో చాలామందికి మాత్రం అది ఉత్తరాదివాళ్ల పండగే.

మీరు చేస్తే గుజ్జులో నీళ్లు బాగా వడకట్టండి. లేదంటే పై అడుగు నానిపోతుంది.