ఎర్రగుంట్ల దారుల్లో మనోళ్ల అడుగులు



ఎర్రగుంట్ల అంటే ఈరోజు సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల గనులు, పగలూ రాత్రీ తిరిగే లారీలు. ఈ ప్రాంతంలో దారులు ఎట్లా పడినాయో చదవడానికి కూర్చుంటే నవాబులు, కలెక్టర్లు, ఇంజనీర్ల పేర్లు వస్తాయి. దారి సరిగా లేని కాలంలో ఇక్కడ సరుకు మోసిన సుగాలీలు, ఎరుకలోళ్ల పేర్లు మాత్రం ఎక్కువగా పోలీసు దస్త్రాల్లో దొరుకుతాయి. ఇది ఎట్లా జరిగిందో మన పిల్లలకు తెలియాలి.

ముందు నేల సంగతి. జమ్మలమడుగు పక్కన పెన్నానది ఎర్రమల కొండను చీల్చుకొని పోతుంది. ఆ గండి వల్లే గండికోటకు ఆ పేరు. కొండ దిగితే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి. ఎండాకాలం రాయిలాగుంటుంది, వాన పడితే బండి చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. కొండదారిలోనూ బండికి కష్టమే. అందుకే ఈ నేలకు పెరికె ఎద్దు సరిపోయింది. వీపుకు రెండు పక్కలా సంచులు వేస్తే, మనిషి నడిచే సందులో అదీ నడుస్తుంది.

1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి మీర్ జుమ్లాను కలవడానికి గండికోటకు వచ్చినాడు. కొండను తొలిచి వేసిన ఆ దారి వెడల్పు 20 నుంచి 25 అడుగులని, కొన్నిచోట్ల 7, 8 అడుగులేనని రాసినాడు. ఒక పక్క భయంకరమైన లోయ, కింద నది. నవాబు ఆ దారిని బాగుచేయించడం మొదలుపెట్టినాడని కూడా రాసినాడు. ఆ రాయి కొట్టిన కూలీల పేర్లు మాత్రం లేవు.

అదే పుస్తకంలో ఎద్దుల బిడారుల గురించీ ఉంది. ఒక్కో బిడారులో 10 వేలు, 12 వేల ఎద్దులు. ఇరుకు దారిలో అవి ఎదురుపడితే బండ్లవాళ్లు రెండు మూడు రోజులు ఆగాల్సిందేనట. ఆ బిడారులు నడిపింది బంజారాలు, అంటే మన సుగాలీలు. వాళ్ల మాటలో ఆ పని లదేణి.

మరి ఆ ప్రయాణానికి భద్రత ఎవరిచ్చినారు? చాలావరకు వాళ్లకు వాళ్లే. తాండా మొత్తం ఆడోళ్లతో, పిల్లలతో, కుక్కలతో కలిసి కదిలేది. ఇంకో రక్షణ కూడా ఉంది: గింజలు తెచ్చేవాళ్లను కొడితే ఆకలయ్యేది సైన్యానికే. టిప్పు మీద యుద్ధంలో కారన్‌వాలిస్ సైన్యం తిన్నదీ ఈ బంజారాలు తెచ్చిన ధాన్యమే. ఎరుకలోళ్లు ఎద్దుల మీద, గాడిదల మీద సముద్రతీరం నుంచి ఉప్పు తెచ్చి, లోపలి ఊళ్లలో ధాన్యానికి మార్చుకునేవాళ్లు. ఉప్పు ఎరుకల అనే పేరు అట్లా వచ్చిందే.

1800లో ఈ సీమ కంపెనీ చేతికి పోయింది. తర్వాత కంకర రోడ్లు, వాటి వెనకే రైలు. కడప, ఎర్రగుంట్ల, గుత్తి మీదుగా పోయిన మద్రాసు లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. ఉప్పు, ధాన్యం రైలెక్కినాయి. ఎద్దు వీపు ఖాళీ అయింది.

అయిదేళ్లకే, 1876-78లో పెద్ద కరువు. కరువు పనుల్లో జనం రోడ్లకు కంకర కొట్టినారు. 1877లో కొన్ని నెలలు మగమనిషికి రోజుకు ఇచ్చింది సుమారు 450 గ్రాముల ధాన్యానికి సరిపడే కూలి, పైన కాస్త చిల్లర.

రైళ్లు కలిసిన ఆ 1871లోనే నేరస్థ జాతుల చట్టమూ వచ్చింది. మొదట ఉత్తరాదిలో, 1911 నుంచి మద్రాసు రాష్ట్రంలో. ఎరుకలోళ్లను, కొన్నిచోట్ల యానాదులను, సుగాలీలను కూడా పుట్టుకతోనే నేరస్థులుగా రాసుకున్నారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే చీటీ. తరతరాలుగా దారే ఇల్లుగా బతికినవాడు దారి మీదకు రావడానికి అనుమతి అడగాల్సి వచ్చింది. దొంగతనాలు అసలు జరగలేదని నేననను. బతుకుతెరువు పోయినాక కొందరు ఆ దారి పట్టి ఉండొచ్చు. కానీ ఒకడు చేసిన తప్పును పుట్టని బిడ్డ మీద కూడా రాయడం ఏ న్యాయం?

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అందుకే ఆ రోజును విముక్త దినంగా జరుపుకుంటున్నాం. చట్టం పోయినా మాట పోలేదు. హాస్టల్లోనో బస్సులోనో ఎవరైనా మీ కులం పేరును దొంగతనానికి ముడిపెడితే తల దించుకోవద్దు. ఈ సీమకు ఉప్పు, గింజలు మోసినవాళ్ల పిల్లలం మేమని చెప్పండి.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి. తాండాలో, ఎరుకల వీధిలో పెద్దోళ్ల దగ్గర కూర్చొని అడగండి: మనోళ్ల ఎద్దులు ఏ కనుమ దాటేవి, ఏ చెరువుకాడ దిగేవి, ఏ ఊర్లో ఉప్పు అమ్మేవాళ్లు? విన్నది విన్నట్టు రాసిపెట్టుకోండి. నవాబు దారి గురించి రాయడానికి ఒక వ్యాపారి వచ్చినాడు. మన దారి గురించి మనమే రాసుకోవాలి.