నల్లమలలో హెలికాప్టర్ ప్రమాదం, 2009: కారణ నిర్ణయంలో ఒక అధ్యయనం

2009 సెప్టెంబరు 2 ఉదయం 8 గంటల 38 నిమిషాలకు నాటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట విమానాశ్రయం నుంచి చిత్తూరు జిల్లాకు హెలికాప్టర్‌లో బయలుదేరారు. అక్కడ రచ్చబండ కార్యక్రమాన్ని ప్రారంభించవలసి ఉంది. ఆయనతోపాటు ప్రత్యేక కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, ముఖ్య భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ, పైలట్లు ఎస్.కె. భాటియా, ఎం.ఎస్. రెడ్డి ఉన్నారు. గంట గడవకముందే హెలికాప్టర్‌తో సంబంధాలు తెగిపోయాయి. మరునాటి ఉదయం వైమానిక దళం వారు పావురాలగుట్ట వద్ద శకలాలను గుర్తించారు. అయిదుగురూ మరణించారు.

పల్నాటి వైపు వెల్దుర్తి, మాచర్ల ప్రాంతాల విద్యార్థులకు నల్లమల కొత్త కాదు. వానాకాలంలో ఆ కొండల మీద మబ్బు ఎలా దిగుతుందో వారికి చెప్పనక్కరలేదు. (కర్నూలు జిల్లాలోనూ ఒక వెల్దుర్తి ఉంది. నాటి పత్రికలు చదివేటప్పుడు ఏ వెల్దుర్తి అన్నది చూసుకోవాలి.) కేంద్ర రిజర్వు పోలీసు బలగాలు, వైమానిక దళ విమానాలు, ఇస్రో ఉపగ్రహ చిత్రాలు అన్నీ కలిసినా ఆచూకీ దొరకడానికి దాదాపు ఒక రోజు పట్టిందంటే కారణం ఆ అడవి, ఆ వాన.

ఇక అసలు ప్రశ్న: ప్రమాదానికి కారణం ఏమిటి? చాలామంది ‘యంత్రం చెడింది’ అని ఒక్క మాటలో ముగిస్తారు. అందులో కొంత నిజం ఉంది. బెల్ 430 రకానికి ఇంజన్లు రెండు. కాని వాటి శక్తిని పైనున్న రెక్కలకు అందించే ప్రధాన గేర్‌బాక్స్ ఒక్కటే. ఒక ఇంజన్ ఆగినా రెండోది ఆదుకుంటుంది. గేర్‌బాక్స్ పట్టేస్తే ఆదుకునేది లేదు. కాబట్టి అందులో ఆయిల్ ప్రెషర్ తగ్గిందని హెచ్చరిక వస్తే ఏ పైలటూ తేలికగా తీసుకోలేడు. ఆ ఉదయం వచ్చిన హెచ్చరిక అదే.

ఆర్.కె. త్యాగి అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం కాక్‌పిట్ సంభాషణల రికార్డును పరిశీలించి చెప్పిన సంగతి మరొకటి. పైలట్లు సుమారు ఆరు నిమిషాలపాటు ఆ హెచ్చరిక వస్తే ఏం చేయాలో పుస్తకంలో వెతకడంలో మునిగిపోయారు. ఆ సమయంలోనే హెలికాప్టర్ దట్టమైన మేఘాల్లోకి వెళ్లి, బలంగా కిందికి వీచే గాలిలో చిక్కుకుంది. అదుపు తప్పి అతివేగంగా నేలకు పడిపోయింది. అంటే గేర్‌బాక్స్ హెలికాప్టర్‌ను కూల్చలేదు. అది పైలట్ల దృష్టిని ఆకాశం మీదనుంచి మళ్లించింది.

ఈ తేడా తెలియాలంటే అదే ఏడాది మార్చి 12న కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరానికి దూరంగా సముద్రంలో కూలిన సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్‌ను చూడండి. అక్కడ ఆయిల్ ఫిల్టర్‌ను బిగించే టైటానియం బోల్టులు విరిగి గేర్‌బాక్స్ ఆయిల్ కారిపోయింది. ఉన్న 18 మందిలో 17 మంది చనిపోయారు. హెచ్చరిక రెండు చోట్లా ఒకే రకానిది. కాని అక్కడ యంత్ర లోపమే విపత్తుకు మూలం, ఇక్కడ అది గొలుసులో ఒక కొక్కెం మాత్రమే. చరిత్ర విద్యార్థి ‘సందర్భం’, ‘కారణం’ అనే రెండు మాటలను కలిపేయకూడదని మేము తరగతిలో పదేపదే చెప్పేది ఇందుకే.

నివేదిక రాకముందే వదంతులు వచ్చాయి. 2010 జనవరిలో ఒక విదేశీ వెబ్‌సైట్ రాతను ఆధారంగా చేసుకుని ఒక టీవీ చానల్ కుట్ర కథనం ప్రసారం చేయగా, ఒక వ్యాపార సంస్థ దుకాణాలపై రాష్ట్రమంతటా దాడులు జరిగాయి. కుట్రకు ఆధారం లేదని తరువాత సి.బి.ఐ. తేల్చింది. అయినా ఆ కథనాన్ని పారవేయకండి. ప్రమాదం గురించి అది ఏమీ చెప్పదు. కాని ఆనాటి జనం మనఃస్థితికి మాత్రం మంచి సాక్ష్యం.

ఫలితాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. సెప్టెంబరు 3న కె. రోశయ్య ముఖ్యమంత్రి అయ్యారు. వంద రోజులు తిరగకముందే, డిసెంబరు 9న, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటించారు. రాజశేఖరరెడ్డి బ్రతికి ఉంటే విభజన జరిగేది కాదని కొందరు పరీక్షల్లో ధీమాగా రాస్తుంటారు. అలాంటి జవాబుకు నేనైతే సగం మార్కులే వేస్తాను. తెలంగాణ ఉద్యమం 1969 నాటికే రాష్ట్రాన్ని కుదిపింది. ప్రమాదం ఆ ఉద్యమాన్ని పుట్టించలేదు, దాని ఎదుట నిలబడిన ఒక నాయకుణ్ణి తప్పించింది.