గడప దగ్గర ఆగిన చట్టం: కువైట్ ఖద్దామాల చరిత్ర

ఇంటి పనికి కుదిరిన స్త్రీని కువైట్ అరబ్బీలో ఖద్దామా అంటారు. సేవ చేసేది అన్న అర్థంగల ఈ మాట పాత కడప జిల్లా రాయచోటి, రాజంపేట ప్రాంతాల్లోను, గోదావరి జిల్లాల్లో రాజోలు, నరసాపురం పరిసరాల్లోను ఎంతగా వాడుకలో పడిందంటే, 'ఖద్దామా వీసా' అంటే ఏమిటో అక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. తెలంగాణ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవారిలో నిర్మాణాల్లో పనిచేసే మగవారు ఎక్కువ. అక్కడ ఏ దేశానికి పోయినా అది 'దుబాయి పోవడమే'. కడప, గోదావరి జిల్లాల నుంచి మాత్రం ఆడవారు ఒంటరిగా, భర్తనూ పిల్లలనూ ఇంటి దగ్గర వదిలి వెళ్లారు, వారి వలస ప్రధానంగా కువైట్ వైపు సాగింది. ఆంధ్రదేశపు వలసల చరిత్రలో ఇది కొత్త సంగతి. అంతకుముందు, కూలీలను కుదిర్చే మేస్త్రీలు బర్మాకు తీసుకుపోయినవారిలో మగవారే అత్యధికులు.

1946లో తొలి చమురు ఓడ బయలుదేరేనాటికి కువైట్ ముత్యాల వేటతోను, పడవల వర్తకంతోను బతికిన చిన్న రేవు పట్టణం. 1961లో స్వాతంత్ర్యం పొంది సొంత దీనారును తెచ్చుకునేవరకు అక్కడి బజారులో చెల్లినది మన రూపాయే. 1973 చివర చమురు ధర కొద్ది నెలల్లోనే నాలుగింతలు కావడంతో రాజ్యం తన పౌరులకు ఉద్యోగాలు, ఇళ్లు, చదువులు సమకూర్చగలిగింది. పాత మట్టిగోడల ఇళ్ల స్థానంలో పట్టణం వెలుపల పెద్దపెద్ద విల్లాలు లేచాయి, ఆడవారు కొలువుల్లో చేరారు. అంత ఇంటిని ఊడ్చి తుడిచి, పిల్లలను సాకి, ముసలివారిని కనిపెట్టుకునే మనుషులు వెలుపలి నుంచే రావలసి వచ్చింది. శ్రీలంక, ఫిలిప్పీన్స్‌ల స్త్రీలతో పాటు తెలుగు స్త్రీలు ఆ ఇళ్లలో అడుగుపెట్టిన నేపథ్యం ఇది.

ఇక్కడి నుంచి తోసిన కారణాలలో రాయలసీమ కరువు అందరికీ తెలిసినదే. పచ్చని గోదావరి డెల్టా నుంచి ఎందుకు వెళ్లారన్నది అంత తేలికగా తెగే ప్రశ్న కాదు. పొలమున్నవారికి పచ్చదనం పంటగా మారింది గాని, నాట్లు వేసి కలుపు తీసిన దళిత స్త్రీకి ఏడాదిలో కొన్ని నెలల కూలీగానే మిగిలింది. అదే నరసాపురం ప్రాంతంలో ఇంటిపట్టున లేసు అల్లిన స్త్రీలపై జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక అధ్యయనం ప్రచురించారు. విదేశాలకు ఎగుమతయ్యే సరుకును తయారుచేస్తున్నా వారిని గృహిణులుగానే లెక్కవేసి, వారి శ్రమను తీరిక వేళ కాలక్షేపంగా చూడటం వల్లనే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె వాదన. ఇంట్లో చేసేది పని కాదన్న ఈ నమ్మకమే సముద్రం దాటి వెళ్లినవారికీ ఎదురైంది, అక్కడ అది చట్టంలోనే రాసి ఉంది.

ఆ చట్టపు ఆయువుపట్టు కఫాలా, అంటే పూచీ. విదేశీయుడు దేశంలో ఉండాలంటే స్థానికుడొకడు, అంటే కఫీల్, పూచీ పడాలి. కార్మికుని అఖామా, అనగా నివాస అనుమతి, ఆ కఫీల్ పేరుతో ముడిపడి ఉంటుంది. ప్రైవేటు కంపెనీల ఉద్యోగులది 18వ నంబరు వీసా, ఇంటి పనివారిది 20వ నంబరు. ఈ రెండంకెల తేడా చిన్నది కాదు: 2010లో వచ్చిన కార్మిక చట్టం మొదటివారికి వర్తించింది, రెండోవారిని పేరు పెట్టి మినహాయించింది, వారి వ్యవహారం చాలాకాలం కార్మిక శాఖ చేతిలో గాక పోలీసులను నడిపే హోం శాఖ చేతిలోనే ఉండిపోయింది. పైగా మగవాడు వీసా కొనడానికి అప్పులపాలైతే, ఖద్దామా విషయంలో ఖర్చులో ఎక్కువ భాగం యజమానే నియామక ఆఫీసుకు కట్టేవాడు. వినడానికి ఇది ఆమెకు మేలుగానే తోస్తుంది గాని, డబ్బు పోసి తెచ్చుకున్నామన్న భావన పాస్‌పోర్టును బీరువాలో దాచుకోవడానికీ, ఆమెను బయటికి పంపకపోవడానికీ యజమాని మనసులో హక్కుగా మారింది.

ఇంట్లో పిలుపులు బంధుత్వానివి: యజమాని బాబా, యజమానురాలు మామా. చుట్టరికానికి పనిగంటలుండవు. తెల్లవారకముందే పిల్లలను బడికి తయారుచేయడంతో మొదలైన పని, మగవారు చేరి ముచ్చటించుకునే దివానియా గది నుంచి చివరి టీ గ్లాసు తిరిగివచ్చి, అది కడిగి బోర్లించేదాకా సాగేది; రంజాన్ నెలలో సాయంత్రపు ఇఫ్తార్ వంట ముగియకముందే తెల్లవారుజామున తినే సహూర్‌కు ఏర్పాట్లు మొదలయ్యేవి. ఇంటికి కబురు ఉత్తరంగానో, రికార్డు చేసిన క్యాసెట్‌గానో సెలవుపై ఊరెళ్లే ఎవరో ఒకరి సంచిలో చేరేది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించాక లక్షకు పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో స్వదేశానికి చేర్చారు. ఆ ఆక్రమణతో వచ్చిన గల్ఫ్ యుద్ధం ముగిశాక దారి మళ్లీ తెరుచుకుంది. భారత ప్రభుత్వం చేతిలో ఉన్నది 1983 నాటి వలస చట్టం. దాని కింద, పదో తరగతి దాటనివారి పాస్‌పోర్టుపై గల్ఫ్ ప్రయాణానికి వలస సంరక్షణాధికారి అనుమతి కావాలి. ఆ తరువాత ముప్పై ఏళ్లు నిండని స్త్రీలను పంపరాదన్న నిబంధన చేరింది, 2014లో కువైట్ యజమాని 2,500 డాలర్ల బ్యాంకు పూచీ ఇవ్వాలన్నారు, 2017లో దానిని ఎత్తివేశారు. రక్షణ పేరుతో వచ్చిన ప్రతి నిషేధమూ ఏజెంటుకు కొత్త బేరమే అయింది: పాస్‌పోర్టులో వయసు పెరిగేది, విమానాశ్రయంలో లంచంతో గేటు దాటించే 'పుషింగ్'కు ఒక ధర ఏర్పడేది, విజిట్ వీసాపై మరో గల్ఫ్ దేశంలో దింపి అక్కడి నుంచి మళ్లించేవారు. అలా వెళ్లిన స్త్రీ పేరు ఏ రికార్డులోనూ ఉండదు గనుక, కష్టం వచ్చిననాడు ఆమె ఎక్కడున్నదో రాయబార కార్యాలయానికే తెలియదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటి పనివారి కోసం 189వ ఒడంబడికను ఆమోదించింది. కువైట్ దాన్ని ధ్రువీకరించలేదు. భారతదేశమూ ధ్రువీకరించలేదన్నది మరవరాదు. అయినా కువైట్ 2015లో 68వ నంబరు చట్టం తెచ్చి, పని రోజుకు 12 గంటలకు మించరాదని, వారానికొక సెలవు, ఏడాదికి 30 రోజుల వేతన సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండరాదని, జీతం ఆలస్యమైన ప్రతి నెలకు 10 దీనార్లు అదనంగా చెల్లించాలని శాసించింది. మరుసటి ఏడు కనీస వేతనం 60 దీనార్లుగా నిర్ణయమైంది. 2021 జూన్‌లో ఇంటి పనివారిపై రెండు దేశాలూ ఒక అవగాహన పత్రంపై సంతకాలు చేశాయి. కాగితం మీద ఇవి చిన్న మార్పులు కావు. కాని అధికారి ఇంట్లోకి వచ్చి పని పరిస్థితులను తనిఖీ చేసే ఏర్పాటు 2015 చట్టంలో లేదు. ఫిర్యాదు చేయవలసినది ఖద్దామాయే, చేయాలంటే ఆమె ఆ ఇల్లు దాటి రావాలి. అనుమతి లేకుండా దాటితే యజమాని 'తఘయ్యుబ్', అంటే పారిపోయిందన్న కేసు పెట్టవచ్చు. అప్పటి నుంచి ఆమె అఖామా లేని మనిషి, గల్ఫ్ కూలీల భాషలో 'కల్లివల్లి'; 2018లోను, 2020లోను ప్రకటించినట్టు ప్రభుత్వం క్షమాభిక్ష గడువు ఇచ్చేదాకా దొరికిన చోట దొరికిన పని చేసుకుని, ఆ గడువు వచ్చాక రాయబార కార్యాలయం ముందు ఔట్‌పాస్, అంటే తిరుగు ప్రయాణపు పత్రం, కోసం వరుసలో నిలబడేది.