పోస్టుకార్డు నుంచి ప్రొఫైల్ దాకా: యువ పరిశోధకుల కొలువు వేట

పరిశోధన ఒక జీవనోపాధిగా కుదురుకున్నది పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ విశ్వవిద్యాలయాల్లో. అక్కడి విద్యా సంప్రదాయంలో పట్టా పుచ్చుకున్న యువకుడు ముందుగా ఒక ప్రొఫెసర్ దగ్గర సహాయకుడిగా చేరేవాడు. ఆ సహాయకుణ్ణి ప్రొఫెసర్ చాలావరకు తన శిష్యుల్లోంచో, తోటి ప్రొఫెసర్లు సిఫారసు చేసినవారిలోంచో ఎంచుకునేవాడు. గురువుతో సఖ్యత లేనివాడికి, ఎంత ప్రతిభ ఉన్నా, ఈ ఏర్పాటులో చోటు దొరకడం కష్టమయ్యేది. అలాంటివాడు అచ్చయిన తన పరిశోధన పత్రం ప్రతిని ముక్కూమొహం తెలియని పెద్దలకు టపాలో పంపి, జవాబు కోసం ఎదురుచూసేవాడు.

ఈ ఎదురుచూపు ఎలా ఉండేదో ఐన్‌స్టీన్ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1900లో జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో ఆయనతోపాటు ఉత్తీర్ణులైన సహాధ్యాయులకు సహాయక పదవులు దొరకగా, భౌతికశాస్త్ర ప్రొఫెసర్ వెబర్‌తో పొసగని ఐన్‌స్టీన్ మాత్రం ఖాళీగా మిగిలారు. కేశనాళికీయత, అంటే సన్నని గొట్టంలో ద్రవం తనంతట తాను పైకి ఎగబాకే గుణం, గురించి రాసిన తొలి పత్రం ప్రతిని 1901 మార్చిలో లైప్‌జిగ్‌లోని రసాయన శాస్త్రవేత్త ఆస్ట్‌వాల్డ్‌కు పంపి పని అడిగారు. జవాబు రాకపోయేసరికి, మొదటి ఉత్తరంలో చిరునామా రాశానో లేదో గుర్తులేదన్న సాకుతో ఏప్రిల్‌లో మరో ఉత్తరం వేశారు. లైడెన్‌లోని కామెర్‌లింగ్ ఓనెస్‌కు రాసినప్పుడు జవాబు కార్డును కూడా జతచేశారు; ఆ కార్డు తిరిగి రాలేదు. కొడుకు దిగులు చూడలేని తండ్రి హెర్మన్, అతనికి తెలియకుండా, ఆస్ట్‌వాల్డ్‌ను ప్రాధేయపడుతూ స్వయంగా ఉత్తరం రాశారు. దానివల్లా పని జరగలేదు. చివరికి సహాధ్యాయి మార్సెల్ గ్రాస్‌మన్ తండ్రి, బెర్న్ పేటెంట్ కార్యాలయ డైరెక్టర్ హాలర్‌తో తనకున్న పరిచయం కొద్దీ ఒక మాట చెప్పారు. 1902 జూన్‌లో ఐన్‌స్టీన్‌కు అక్కడ మూడో తరగతి సాంకేతిక నిపుణుడిగా ఉద్యోగం దొరికింది. ఆనాడు ఉత్తరాలకు స్పందించని ఆస్ట్‌వాల్డే 1910 నోబెల్ బహుమతికి ఐన్‌స్టీన్ పేరును అందరికంటే ముందు ప్రతిపాదించారన్న సంగతిని బట్టి, 1901లో లోపించినది ప్రతిభ కాదని, ఆ ప్రతిభ గురించి చెప్పే నమ్మకమైన నోరేనని గ్రహించవచ్చు.

నోటిమాటకు బదులు ఒక్కోసారి చిన్న కార్డు సరిపోయేది. 1924లో ఢాకా విశ్వవిద్యాలయం నుంచి సత్యేంద్రనాథ్ బోస్ పంపిన పత్రాన్ని ఐన్‌స్టీన్ తానే జర్మన్‌లోకి అనువదించి ప్రచురింపజేశారు. ఆయన మెచ్చుకుంటూ రాసిన పోస్టుకార్డు చూశాకే విశ్వవిద్యాలయం బోస్‌కు ఐరోపా ప్రయాణానికి రెండేళ్ల సెలవు మంజూరు చేసింది. అపరిచితుడి ఉత్తరానికి ఎన్ని చోట్ల జవాబు వస్తుందో ఎవరూ చెప్పలేని కాలంలో, ఇది అరుదైన భాగ్యమే.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత పరిశోధకుల సంఖ్యతోపాటు పత్రికల సంఖ్యా పెరగడంతో, ఈ ఉత్తరాల అలవాటుకు ఒక క్రమం ఏర్పడింది. ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్‌ఫీల్డ్ వెలువరించిన ‘కరెంట్ కంటెంట్స్’ వారపత్రిక, వివిధ శాస్త్ర పత్రికల విషయసూచికలను యథాతథంగా అచ్చువేసి, రచయితల చిరునామాలు కూడా ఇచ్చేది. దాన్ని చూసి పరిశోధకులు రీప్రింట్ కోరుతూ, అంటే పత్రిక నుంచి విడిగా అచ్చువేసి రచయితకు ఇచ్చే ప్రతిని అడుగుతూ, కార్డులు పంపేవారు. విదేశీ మారకద్రవ్యం కొరత వల్ల పత్రికలు తెప్పించుకోలేని భారతీయ ప్రయోగశాలలకు ఆ కార్డే గ్రంథాలయంగా ఉపయోగపడింది. కార్డు మీద పంపినవారి పేరు, శాఖ, ఊరు ఉండటం వల్ల, ఫలానా విషయం మీద ఫలానా చోట పని చేసేవారున్నారన్న ఎరుక దూరదేశపు రచయితకు కలిగేది. పోస్ట్‌డాక్ స్థానం, అంటే డాక్టరేట్ తరువాత కొన్నేళ్లపాటు ఉండే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, అడిగే ఉత్తరానికి ఈ ముందస్తు ఎరుక ఎంతో బలాన్నిచ్చేది. ఈ కార్డుల చరిత్రకు శాస్త్ర చరిత్రకారులు ఇవ్వవలసినంత చోటు ఇంకా ఇవ్వలేదనిపిస్తుంది.

అలా విదేశాలకు వెళ్లి తిరిగివచ్చే శాస్త్రవేత్తలకు స్థిరమైన ఉద్యోగం దొరికేదాకా నీడనివ్వడానికి భారత ప్రభుత్వం 1958లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) ఆధ్వర్యంలో సైంటిస్ట్స్ పూల్ అనే పథకాన్ని ప్రారంభించింది. పరిచయాలు లేనివారిని ఆదుకోవడానికి రాజ్యం చేసిన ప్రయత్నంగా దీన్ని గుర్తుంచుకోవాలి.

పరిచయం ఉద్యోగాన్ని ఎలా తెస్తుందన్న ప్రశ్నను శాస్త్రీయంగా పరిశీలించినవారిలో సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ ముఖ్యులు. అమెరికాలో మసాచుసెట్స్‌లోని న్యూటన్ పట్టణంలో ఉద్యోగం మారినవారిని ఆయన ప్రశ్నించగా, పరిచయస్థుల ద్వారా కొలువు పొందినవారిలో 16.7 శాతం మందే ఆ పరిచయస్థులను తరచుగా కలిసేవారు, 55.6 శాతం అప్పుడప్పుడు, 27.8 శాతం అరుదుగా కలిసేవారు. దగ్గరివారికి తెలిసినవన్నీ మనకూ ముందే తెలిసి ఉంటాయి గనుక, కొత్త సమాచారం ముఖపరిచయం మాత్రమే ఉన్నవారి నుంచే వస్తుందన్న ఈ వాదన 1973 నాటి వ్యాసంతో ప్రసిద్ధమైంది.

ఈ ముఖపరిచయాలనే కంటికి కనిపించే జాబితాగా మార్చినవి వృత్తి పరిచయ వేదికలు. లింక్డ్‌ఇన్ 2003 మేలో మొదలైంది. పరిశోధకుల కోసం అకాడెమియా, రీసెర్చ్‌గేట్ రెండూ 2008లో వచ్చాయి. రీసెర్చ్‌గేట్‌లో పూర్తి పత్రం కోరే బొత్తాం పాత రీప్రింట్ కార్డుకు వారసురాలే. అయితే కార్డు ఇద్దరి మధ్యే ఉండిపోయేది; ఇప్పుడు ఎవరు ఎవరికి తెలుసన్న వివరం ఒక కంపెనీ ఆస్తి అయింది. లింక్డ్‌ఇన్‌ను మైక్రోసాఫ్ట్ 2016లో 2,620 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం కుదుర్చుకోవడం ఆ వివరం విలువెంతో తెలుపుతుంది.

2022లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన అధ్యయనం, రెండు కోట్ల మందికి పైగా లింక్డ్‌ఇన్ సభ్యులపై జరిగిన ప్రయోగాలను పరిశీలించి, మరీ దగ్గరివారూ మరీ దూరపువారూ కాక, ఓ మోస్తరు దూరంలో ఉన్న పరిచయస్థులే ఉద్యోగ మార్పుకు ఎక్కువ తోడ్పడుతున్నారని తేల్చింది. ఇది అన్ని వృత్తులవారికీ సంబంధించిన ఫలితం. దీన్ని పరిశోధకులకు యథాతథంగా అన్వయించడం తొందరపాటు అవుతుంది. ఎందుకంటే హైదరాబాదు జీనోమ్ వ్యాలీలోని ఔషధ, జీవసాంకేతిక కంపెనీలలో ఇలాంటి పరిచయం తలుపు తీయవచ్చు గానీ, ప్రభుత్వ ప్రయోగశాలలూ విశ్వవిద్యాలయాలూ ప్రకటన, ఎంపిక సంఘం, ఇంటర్వ్యూ అనే పద్ధతిలోనే నియామకాలు చేపట్టాలి. విదేశీ విశ్వవిద్యాలయాలు కూడా దరఖాస్తును ఆన్‌లైన్‌లో తీసుకుంటున్నా, అభ్యర్థి పనిని ఎరిగినవారి సిఫారసు లేఖలను నేటికీ అడుగుతున్నాయి. ఆ లేఖలో ఏముందో చాలావరకు అభ్యర్థికి తెలియదు.